వెయ్యి బక్కెట్ల సెగ

మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నిషిత ఇంటికి వెళ్లాలంటే నాకు భయం. నేను తెలుగు లెక్చరర్ని, లెక్కలంటే చలిజ్వరం, కానీ ఈ భయం అది కాదు. హత్నూరలో వాళ్ల వాకిట్లో ఒక స్నానం బండ ఉంది. దాన్ని చూడలేను.

నిషిత భర్త చంద్రకాంత్ బొల్లారంలో మందుల కంపెనీలో షిఫ్ట్ కెమిస్ట్. కెమికల్ వాసనతో గడప దాటకూడదని అతని తల్లి కౌసల్య పెట్టిన నియమం. కంపెనీ బస్సు హారన్ వినగానే కట్టెల పొయ్యి మీది నీళ్లు దించి, చన్నీళ్లు కలిపి, బక్కెట బండ మీద పెట్టేది.

పోయిన ఏడు కంపెనీలో మందు సరుకు తయారయ్యే రియాక్టర్‌ను చల్లబరిచే నీళ్లు ఆగిపోయాయి. లోపలి సరుకు తన వేడికి తానే మరిగి, మూత పేలింది. చంద్రకాంత్ ఇల్లు చేరలేదు. కౌసల్య మాత్రం హారన్ వినపడితే చాలు, నీళ్లు పెడుతూనే ఉంది. వద్దని చెప్పి చెప్పి నిషిత విసిగిపోయింది. ఆ పొయ్యి ఆరితే తప్ప అత్తమ్మ మామూలు మనిషి కాదని ఆమె బెంగ.

నిషితను పట్టుకున్నది ఇంకోటి ఉంది. కంపెనీ వాళ్లు ఆ వేడిని కిలోక్యాలరీల్లో చెప్పారు. ఈమె కూర్చుని, ఒక్క అణువుకు ఎంత వస్తుందని ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి దించింది. ఒకటి వచ్చింది. దాంతో చీమ కాలు కూడా కాలదట.

"గింత చిన్నదా మేడం, ఆయనను తిన్నది?" అని స్టాఫ్ రూంలో నన్నడిగింది. నేను చాక్‌పీసులు సర్దుకుంటూ కూర్చున్నాను.

ఒక ఆదివారం నేను అక్కడుండగానే కౌసల్య కోడల్ని అడిగింది. "నా కొడుకు పానం తీసిన సెగ ఎంతుండె బిడ్డా? నాకు సమజయ్యేటట్టు చెప్పు."

ఎలక్ట్రాన్ వోల్టులు ఇక్కడ పనికిరావు. నిషిత బండ మీది బక్కెట వైపు చూసింది. అది గోరువెచ్చన కావడానికి నాలుగువందల కిలోక్యాలరీలు. రియాక్టర్‌లో ఉన్నది రెండు టన్నుల సరుకు, దాని వేడి నాలుగు లక్షల కిలోక్యాలరీలు. మనసులోనే లెక్క వేసుకుని, "గసుంటియి వెయ్యి బక్కెట్లు, అత్తమ్మా" అంది. ఆ మాటతోనైనా ముసలామె పొయ్యి మానుకుంటుందని ఆశ.

మానుకుంది. కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లింది.

"గంత మంటల ఉన్నోనికి ఇన్నొద్దులు ఉడుకునీళ్లు పెట్టిన" అంది. "ఇగ రోజుకొక్క బక్కెట సల్లనీళ్లు బండ మీద పోస్త. ఎన్నడో ఒకనాడు సల్లబడ్తడు."

నిషిత లోపలికి వెళ్లి ఏడ్చింది.

ఈ ఎండాకాలం కౌసల్యకు జ్వరం వస్తే చూడబోయాను. మాటల మధ్యలో హారన్ మోగింది. ముసలామె లేవబోయి, లేవలేక, కోడలి వంక చూసింది. మూఢనమ్మకాల మీద క్లాసులో గంటసేపు దంచే నిషిత, లేచి బక్కెట నింపి బండ మీద కుమ్మరించింది. తర్వాత వంగి అరచెయ్యి ఆనించింది.

పొద్దంతా ఎండలో ఉన్న బండ, కాలక ఏం చేస్తుంది? నాకే తెలిసిన సంగతి ఆమెకు తెలియదా?

"ఇంక సల్లబడలే, మేడం" అంది, మళ్లీ నల్లా తిప్పింది.