లాగ్ రిపోర్టులో సింధూజ పేరు

సింధూజది రేగొండ. మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు బ్లడ్ బ్యాంకులో కంప్యూటర్ పని చూసుకుంటుంది. ఆమె చేరిన రోజే మేనేజర్ సంజీవ, అందరూ ఆమె లాగిన్‌తోనే పని చేయాలన్నాడు. ఎవరిది వాళ్లకు పెడదామని ఆమె ఎన్నోసార్లు అడిగింది.

"ఉన్నదే ఆరుగురం. గన్ని పాస్‌వర్డులు ఎవలు యాద్ పెట్టుకుంటరు?" అని కొట్టిపారేశాడు.

పోయిన ఎండాకాలం తొర్రూరులో చుట్టాల పెళ్లికని శనివారం సెలవు పెట్టి, సోమవారం తిరిగి పనికి వచ్చింది. హాల్లో అడుగు పెట్టిందో లేదో, సంజీవ అందుకున్నాడు.

"ఏం చేసి పోయినవ్? నెల రోజుల రికార్డు గాయబ్ అయింది. పని రాకపోతే ఇంట్ల కూసోరాదు!"

హాల్లో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. నర్సింహులపేట దగ్గరి తండా నుంచి వచ్చిన సోమ్లీ కూడా అక్కడే ఉంది. ఆమె కూతురు నవ్యకు తలసీమియా, తరచూ రక్తం ఎక్కించాల్సిన జబ్బు. క్రితంసారి రక్తం ఎక్కిస్తుంటే పిల్లకు వణుకు వచ్చి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఇకమీదట ఎలాంటి రక్తం ఇవ్వాలో అక్కడి డాక్టరు పరీక్షలు చేయించి రికార్డులో రాయించాడు. ఇప్పుడు ఆ రికార్డే లేదు. అది చూడనిదే ఎక్కించనని డాక్టరు చెప్పేశాడు.

"మేడం, పిల్ల నిలవడతలేదు. జర తొందరగ చూడున్రి," అంది సోమ్లీ. నవ్య తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉంది.

సింధూజ కుర్చీలో కూర్చుని లాగ్ రిపోర్టు తెరిచింది. డేటాబేస్‌లో ఏ మార్పు జరిగినా, ఎప్పుడు, ఎవరి పేరు మీద, ఏ కంప్యూటర్ నుంచి జరిగిందో అందులో వరుసగా పడుతుంది. ఆమె చివరి నుంచి వెనక్కి చదువుకుంటూ పోయింది. శనివారం ఎవరో నెల కిందటి బ్యాకప్‌ను తెచ్చి ఇప్పటి డేటా మీద ఎక్కించారు. పేరు సింధూజ. కంప్యూటర్ మాత్రం మేనేజర్ గదిలోది.

సంజీవ వెనకే నిలబడి చూస్తున్నాడు. ఆమెకు లేచి అరవాలనిపించింది. నవ్య వంక చూసి పళ్లు బిగబట్టింది.

ముందు ఉన్నదానికి ఒక నకలు తీసి పక్కన పెట్టింది. పాత బ్యాకప్ మీద, లాగ్‌లో ఉన్న నెల రోజుల మార్పులను అవి జరిగిన వరుసలోనే మళ్లీ నడిపించింది. శనివారం నాటి తప్పుకు సరిగ్గా ముందు ఆపేసింది. దాటితే ఆ తప్పు మళ్లీ జరిగేది. నవ్య రికార్డు తెర మీదికి వచ్చింది. డాక్టరు చదివి తల ఊపాడు. సోమ్లీ పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది.

అప్పుడు సంజీవ ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు మూశాడు.

"పాత రిపోర్టు చూద్దామని ఒత్తిన. గిట్లయితదని తెల్వదు. మల్ల వచ్చింది కదా, ఇడిసిపెట్టు."

"తిట్టుడు హాల్ల, ఒప్పుకునుడు గదిలనా సార్? పిల్లకు ఏమన్న అయితే, గా పేరు చూసి పోలీసోళ్లు నన్నే పట్టుకపోదురు. పోయి అందరి ముందట చెప్పున్రి."

"మేనేజర్ని, గట్ల ఎట్ల చెప్త?"

"నన్ను అన్నప్పుడు రాని సిగ్గు ఇప్పుడొచ్చిందా?"

అతను హాల్లోకి రాలేదు. సింధూజ లాగ్ రిపోర్టు ప్రింటు తీసి తిన్నగా యజమాని ముందు పెట్టింది. ఆ వారంలోనే ఆరుగురికీ వేరువేరు లాగిన్‌లు వచ్చాయి. బ్యాకప్ ఎక్కించే అధికారం సంజీవకు లేకుండా పోయింది. క్షమాపణ మాత్రం ఈనాటికీ రాలేదు. పని మాట తప్ప అతనితో ఆమె ఇంకో మాట మాట్లాడదు.

అసలు సంగతి ఆనోటా ఈనోటా విన్న సోమ్లీ, మరుసటిసారి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర మెల్లగా అడిగింది.

"గా సారు తప్పు నాదే అన్నడా మేడం?"

"అనలే."

"వాని నోరు పడిపోను!" అంది సోమ్లీ, హాలంతా వినపడేలా.