రెండు వేళ్ల పరీక్ష

బస్సు చోడవరం దగ్గరపడగానే కిటికీలోంచి బెల్లం పాకం వాసన వచ్చింది. పక్కసీటావిడ లొట్టలేసింది. నాకు మాత్రం ఆ వాసనకు ముందు ఒళ్లు మండుతుంది, ఆ వెనకే నవ్వొస్తుంది. మా పక్కింటి సన్యాసిరావు మాస్టారు గుర్తొస్తారు. హైస్కూల్లో మాకు డ్రిల్లు మాస్టారు. షుగరుందని తెలిసి కూడా బెల్లం వండేచోటల్లా ఆగి, "పాకం కుదిరిందో లేదో సూడాలి గదా" అంటూ చెయ్యి చాచేవారు. ఆయన చూడకపోతే చోడవరంలో బెల్లం గడ్డకట్టదన్నట్టు ఉండేది వ్యవహారం.

కుడి కన్ను ఎర్రబడి, తలపోటు, వాంతులతో ఆయన మంచమెక్కితే ఇంట్లో పైత్యమన్నారు. నిమ్మరసం తాగి, నుదుటికి శొంఠి పట్టు వేసుకుని ఓర్చుకున్నారు. చివరికి విశాఖపట్నంలో నేను పనిచేసే కంటి ఆసుపత్రికి వచ్చేసరికి ఆ కన్ను గట్టిపడిపోయింది. డాక్టరుగారు చూశాక, జబ్బేమిటో, వైద్యమేమిటో రోగులకు విడమరిచి చెప్పడం అక్కడ నా ఉద్యోగం. భార్య రమణమ్మ పిన్నిని లోపలికి పిలవబోతే మాస్టారు ఒప్పుకోలేదు. "దానికి భయమెక్కువ. బయటే కూకోనీ" అన్నారు.

షుగరు వల్ల కంటి వెనక పొరకు రక్తం సరిగా అందక, పనికిమాలిన కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చాయనీ, కంట్లో నీరు బయటికి పోయే దారిని అవే మూసేశాయనీ, ఒత్తిడి పెరిగి చూపునరం చెడిందనీ చెప్పాను.

"అంటే కాలవలో గుర్రపుడెక్క పెరిగిపోయిందన్నమాట" అన్నారు మాస్టారు.

"అదే మాస్టారూ. ఇంజెక్షనుకి ఆ నాళాలు ఎండుతాయి. లేజరు చేస్తారు. ఒత్తిడి దిగకపోతే ఆపరేషన్ చేసి సన్న గొట్టం పెడతారు. నొప్పి పోద్ది. పోయిన సూపు మాత్రం రాదు. ఎడమ కన్నుకీ షుగరు పట్టింది, దానికి లేజరు ఆలస్యం చెయ్యకూడదు."

ఆయన బుద్ధిగా తలూపారు. కుడి కంటికి అన్నీ జరిగాయి. నొప్పి పోయింది. చూపు రాలేదు.

మా వైపు కంటి ఆపరేషనైన మనిషిని చూడడానికి వచ్చినవాళ్లు పళ్లివ్వడం, పరామర్శించడం, అన్నీ తర్వాతే. ముందు మంచి కన్ను మూయించి, వేళ్లు చూపించి, "ఇవెన్ని?" అని అడగాలి. మాస్టారు అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని "రెండు" అనేవారు. ఊళ్లో ఎవరైనా చూపేవి రెండు వేళ్లే మరి. ఒకటి చూపితే బెదిరించినట్టుంటుంది, మూడు మంచిది కాదు, నాలుగంటే బొటనవేలు మడవాలి, అంత శ్రమ ఎవరు పడతారు?

నేను ఆదివారం వెళ్లేసరికి ఆ ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది. పిన్ని నా చెయ్యి పట్టుకుని, "మీ డాక్టరు దేవుడమ్మా. సూపొచ్చేసింది" అంది. వడ్డాది నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడు జంతికలు నములుతూ తీర్పు చెప్పేశాడు. "ఆ కన్నే బాగైపోయింది గదా, ఈ కన్నుకి లేజరెందుకు? చెడితే సూసుకుందాం." ఎడమ కంటికి అనుకున్న లేజరు మానేశారట. మిగిలింది ఆ ఒక్క కన్నే.

"నేనూ ఓసారి సూస్తాను మాస్టారూ" అని ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఠీవిగా ఎడమ కన్ను మూసుకున్నారు. నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, "ఇవెన్ని?" అన్నాను.

"రెండు" అన్నారు మాస్టారు, పెరేడులో చెప్పినంత గట్టిగా.

తమ్ముడి నోట్లో జంతిక చప్పుడు ఆగిపోయింది. పిన్ని నా వెనక్కి వచ్చి కట్టుకున్న చేతులు చూసింది, వెళ్లి ఆయన మొహం చూసింది. "ఏటండీ ఇది?"

మాస్టారు చెయ్యి దించారు. "ఏటి సెయ్యమంటావే. మొట్టమొదట ఏళ్లు సూపించింది నువ్వే. కనపళ్లేదంటే ఏడుస్తావని రెండన్నాను. తర్వాత ఊరంతా వచ్చేరు. ఇంకెక్కడ ఆపీది?"

"ఇప్పుడు ఏడవట్లేదేటి నేను? అప్పుడే సెప్తే ఒక్క కన్నుకే ఏడుద్దును గదా."

ఆ వారంలోనే ఇద్దరూ లేజరుకు వచ్చారు, మళ్లీ రమ్మన్నప్పుడల్లా వచ్చారు. ఎడమ కన్ను నిలబడింది. ఆ తర్వాత ఎవరైనా వేళ్లెత్తితే పిన్నే వాళ్ల చెయ్యి దించేసేది. "ఆ కన్నుకి కనపడదు బాబూ. నొప్పి పోయింది, అన్నం తింటన్నారు. కూకో, కాఫీ తాగు."

మొన్నామధ్య మాస్టారు గుండెపోటుతో పోయారు. "ఆఖరి పూట కూడా కూరలో ఉప్పెక్కువైందని నాకేసి గుడ్లురిమి సూసేరమ్మా" అని పిన్ని నవ్వుతూ చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు ఆసుపత్రిలో ఇలాంటి కన్నుతో ఎవరొచ్చినా, వాళ్లు ఒప్పుకునేదాకా బతిమాలి ఇంటిమనిషిని కూడా లోపలికి పిలుస్తాను. ఏది తిరిగి రాదో, ఏది మిగులుతుందో ఇద్దరూ ఒక్కసారే వింటారు. ఏడవాలంటే అక్కడే ఏడుస్తారు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, రెండో కంటికి లేజరెప్పుడో వాళ్లే అడుగుతారు.