విరగని మాత్రలు

ఎవరూ లేకుండానే నా చెవిలో మాటలు వినిపించడం పాత మాత్రతో పూర్తిగా తగ్గలేదు. గుంటూరు డాక్టరుగారు దానికి తోడు ఇంకో మాత్ర రాసి, మొదలుపెట్టేముందు ఈసీజీ తీయించమన్నారు. మా నాన్నకి ఒళ్ళు మండింది. "తలకాయకి మందు రాసి గుండెకి పరీక్షేంటి?" అంటూ నన్ను ఇంటికి లాక్కొచ్చాడు.

మిరపతోటకి రెండు పురుగుమందులు కలిపి కొట్టాలంటే, నాన్న ముందు చెంబుడు నీళ్ళలో రెండూ కాస్త కాస్త కలిపి చూస్తాడు. విరిగితే పారబోస్తాడు, విరగకపోతే కొడతాడు. నా మాత్రలు రెండూ అలాగే గ్లాసు నీళ్ళలో వేసి, చీపురుపుల్లతో తిప్పి, పావుగంట కాపలా కాశాడు. తర్వాత డాక్టరుగారికి ఫోన్ చేసి, "విరగలేదండీ, వేసెయ్యమంటారా?" అన్నాడు గర్వంగా.

"అవి కలిసేది గ్లాసులో కాదండీ, మీవాడి ఒంట్లో. రెండూ కలిస్తే గుండె లయ తప్పొచ్చు. ఈసీజీ నేను చూశాకే రెండోది మొదలుపెట్టండి," అన్నారాయన.

నాన్న గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు, ఆ నీళ్ళు పారబోసి నన్ను ఈసీజీకి బయల్దేరదీశాడు.

ఇప్పుడు డాక్టరుగారు మందు మార్చడానికి పెన్ను తీస్తే చాలు, నాన్న నా చొక్కా గుండీలు విప్పడం మొదలుపెడతాడు. నాకు నలభై రెండేళ్ళు.