ఓడ వెళ్ళాక ఒడ్డున నిలబడటం

పోయిన వారం పలాస స్టేషన్‌లో ఒక కుర్రవాడు కెమెరా సంచిని వీపుకు కాకుండా గుండెకు తగిలించుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులూ దాని చుట్టూ వేసి నిలబడి ఉన్నాడు. నేను బంధువులను రైలెక్కించడానికి వెళ్ళాను. రైలు వచ్చింది, వాళ్ళు ఎక్కారు, చేతులు ఊపారు, రైలు పోయింది. నేను మాత్రం ప్లాట్‌ఫారం మీద అలాగే ఉండిపోయాను. అరచేతులకు చెమట పట్టింది. పలాసలో చెమట పట్టడం వింతేమీ కాదు గాని, ఆ చెమట ఆ రోజుది కాదు. కొన్నేళ్ళ కిందట మా ఊరి రేవులో, ఎవరిదో సెల్‌ఫోను చేతిలో పట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డ ఒక పగటిది.

ఆ ఫోను గలవాడు మా పెద్దక్కగారి మనవడికి స్నేహితుడు. విశాఖపట్నం వాడు. వాడికీ ఇలాగే ఒక సంచి ఉండేది, ఇలాగే మోసేవాడు. ఉద్యోగం ఉందో మానేశాడో నేను అడగలేదు; అడగడం మర్యాద కాదు. కోస్తా వెంబడి తిరుగుతూ ఫొటోలు తీస్తున్నానని చెప్పాడు. మొదట తన ఊరినే తీశాడట: హార్బరు క్రేన్లు, పాత టౌను మేడలు, తెల్లవారుజామున బీచిరోడ్డు ఊడ్చే మనుషులు. తరువాత ఇటు వచ్చి తేలినీలాపురంలో గూడకొంగలను తీశాడు. అక్కడి వాళ్ళు ఆ పక్షులను పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. తుమ్మినందుకు కూడా తనని కసిరారని వాడు నవ్వుతూ చెప్పాడు. ఇక మిగిలింది పాత రేవులూ, సముద్రంలో తాబేళ్ళూ. మీ వాళ్ళకి ఓడలుండేవట గదా అంటూ టెక్కలిలో నేను అద్దెకున్న వాటాకు వచ్చాడు. "అంకుల్" అన్నాడు. ఆ మాట నాకు గిట్టదు. తాతగారూ అనవచ్చని చెప్పాను. "అలాగే అంకుల్" అన్నాడు.

మాకు ఓడలు ఉండేవి. ఇది గొప్ప కోసం చెబుతున్న మాట కాదు, ఉన్న మాట. మా ముత్తాతగారి కాలంలో ఉద్దానం కొబ్బరీ, నౌపడ ఉప్పూ, బియ్యమూ మా తెరచాప ఓడల్లో రంగూను దాకా వెళ్ళేవి. తరువాత రైలు వచ్చింది, రేవు పడుకుంది, ఒక తుఫానుకు గిడ్డంగి కప్పు లేచిపోయింది, మా తాతగారికి దావాలంటే ఇష్టం ఉండేది. అంతే కథ. ఇప్పుడు రేవులో మావి అని చూపించడానికి ఇటుకల దిబ్బ ఒకటి ఉంది, దానిమీద జీడిమొక్కలు మొలిచాయి. ఊళ్ళో పాతవాళ్ళు నన్ను చూసి ఇంకా లేచి నిలబడతారు. కొత్తవాళ్ళు లేవరు. రెండింటికీ నేను ఒకేలా తల ఊపుతాను.

మిగిలిన ఆస్తి మరొకటి ఉంది, అది కంటికి కనపడేది కాదు. మా ఇంట్లో ఒక ఆచారం. ఎవరి మాట మీద ఓడ రేవు విడిచిందో ఆ మనిషి ఒడ్డున నిలబడాలి. రంగూను ఓడైతే తెరచాప కనుమరుగయ్యేదాకా, సాయంత్రానికి తిరిగొచ్చే పడవైతే వచ్చేదాకా. కూర్చోకూడదు, గొడుగు పట్టకూడదు, సముద్రానికి వీపు చూపకూడదు. చూపితే, పంపినవాడు ఆశ వదులుకున్నాడని సముద్రం అనుకుంటుందట. మా ముత్తాతగారు నిలబడ్డారు, మా తాతగారు నిలబడ్డారు. మా నాన్నగారికి నిలబడటానికి పడవ లేదు. నాకు మరీ లేదు. చిన్నప్పుడు మా నాయనమ్మ ఈ సంగతి చెబుతూ ఉంటే, మనకి కాళ్ళున్నాయి గాని ఓడలేవీ అని అడిగి మొట్టికాయ తిన్నాను.

ఆ రోజు పొద్దున్నే ఆ కుర్రవాడిని రేవుకు తీసుకువెళ్ళాను. పూండిలో బస్సు దిగి అక్కడినుంచి ఆటో. సరుగుడు తోటలు దాటగానే ఇసుక, ఇసుక దాటగానే సముద్రం, నూనె పోసినట్టు నిలిచి ఉంది. ఫైబరు బోటు గల మనిషి ఒకడు వల బాగుచేసుకుంటున్నాడు. వాడి తాత మా ఓడలకు సరుకు చేరవేసే పడవల్లో తెడ్డు వేసేవాడు. తాబేళ్ళు తేలే చోటికి తీసుకువెళతావా అని కుర్రవాడు అడిగాడు. వాడు వల వదలకుండా ఆకాశం చూశాడు, సముద్రం చూశాడు, ఆఖరికి నన్ను చూశాడు.

"మద్దేనానికి దచ్చినం గాలి లేసేటట్టుంది. అయినా బాబు ఎల్లమంటే ఎల్తాను" అన్నాడు.

నన్ను అలా అడిగి ఎంత కాలమైంది! రేషను కార్డు విషయంలో తప్ప నా మాట కోసం ఎవరూ ఎదురుచూసిన గుర్తు లేదు. మధ్యాహ్నం లోపల వచ్చేయి, వెళ్ళు, అన్నాను. కుర్రవాడు తడుస్తుందని ఫోను నా చేతిలో పెట్టాడు. వాళ్ళు బోటును నెట్టారు, కెరటాల మీద అది రెండు మూడుసార్లు ముక్కు పైకెత్తి, దాటి, చిన్నదైపోయింది. నేను పంచె సర్దుకుని నిలబడ్డాను. నిజం చెప్పాలంటే మొదటి గంట చాలా బాగుంది. ఎంత బాగుందంటే, దూరాన రంగూను ఉన్నట్టే కనిపించింది.

గాలి మధ్యాహ్నం కాకముందే లేచింది. ముందు సరుగుడు ఆకుల్లో రొద మొదలైంది, తరువాత పిక్కలకు ఇసుక కొట్టసాగింది, చూస్తూ ఉండగానే సముద్రం రంగు మారి తెల్లని నురగలు లేచాయి. మిగిలిన బోట్లు ఒక్కొక్కటే వచ్చేశాయి. దిగినవాళ్ళను అడిగాను. ఇంజిను మోత వినలేదు, మనిషిని చూడలేదు అన్నారు. చెప్పి, నా కళ్ళలోకి చూడకుండా బోట్లు పైకి లాక్కున్నారు. అలా చూడకపోవడం నాకు నచ్చలేదు.

బోటువాడి భార్య చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఈ ఆచారం సంగతి ఆవిడకు తెలుసు. వాళ్ళింట్లో కూడా దీన్ని కథగా చెప్పుకుంటారట.

"ఏటి బాబూ, కొంగనాగ నిలబడిపోనారు? మావోడు ఎల్నాడా మీ మాట మీద?"

అవునన్నాను.

"అయితే మరి నిలబడండి. ఆడికి నా మాటంటే లెక్క నేదు. నిన్న ఉప్పు తెమ్మంటే తేనేదు" అని నవ్వి, గంప దించి, గాలి వైపు తిరిగి నిలబడింది. నవ్వు ముఖం మీద ఉంది గాని కళ్ళు కెరటాల మీదే ఉన్నాయి.

అప్పుడు నా చేతిలో ఫోను మోగింది. అద్దం మీద 'అమ్మ' అని ఉంది. నేను చూస్తూ ఉండిపోయాను. మోగి ఆగింది. ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ మోగింది. తీసి ఏం చెప్పను? అమ్మా, మీ అబ్బాయి సముద్రం మీద ఉన్నాడు, వెళ్ళమన్నది నేనే, ఇంకా రాలేదు, అనాలి. వేరేలా చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో అబద్ధం ఆడేవాళ్ళు కాదు. దావాల్లో తప్ప. మూడోసారి మోగినప్పుడు బోటువాడి భార్య చెయ్యి చాచి ఫోను లాక్కుంది.

"ఎవులూ? ఆఁ, అమ్మా! మీ బాబు ఇక్కడే ఉన్నాడమ్మా, కెమేరా అట్టుకొని పీతల ఎనకాల తిరుగుతన్నాడు. ఏటీ? తిన్నాడమ్మా, సేపల పులుసు ఏసినాను. మళ్ళీ ఏయించుకున్నాడు. కారవా? కారం ఎక్కువైతే నీళ్ళు తాగుతాడు, సిన్నపిల్లోడేటి? ఉంతాను తల్లీ." ఫోను తిరిగి నా చేతిలో పెట్టింది. "నిలబడ్డం మీ పని బాబూ, అబద్దాలాడ్డం నా పని. ఎవుల పని ఆలు సేద్దాం" అంది.

ఎండ నడినెత్తికి వచ్చి, పడమటికి వాలింది. ఎవరో ముంతతో నీళ్ళు తెస్తే నిలబడే తాగాను. కూర్చోండి, తల తిరుగుతుంది అన్నారు. కాని ఆ వేళ నాకు వంశమూ ఓడలూ ఏమీ గుర్తు లేవు. కూర్చుంటే ఇద్దరు మనుషులు పోతారు, అంతే తెలుసు. చదువుకున్నవాడిని, ఇలాంటివి నమ్మను. నమ్మకుండానే నిలబడ్డాను. ప్రతి నురగా బోటు అంచులాగే కనిపించింది, ప్రతిదీ కరిగిపోయింది. ఆ తల్లి ఇప్పుడు విశాఖపట్నంలో నిశ్చింతగా కునుకు తీస్తూ ఉంటుంది అని తోచినప్పుడల్లా చేతిలోని ఫోను ఇంకాస్త గట్టిగా పట్టుకునేవాడిని.

పొద్దు బాగా వాలాక, ఈసారి బోటువాడి భార్య ఫోను మోగింది. ఎవరి నంబరో. ఆవిడ విన్నది, ఇసుకలో చతికిలబడింది. తరువాత తిట్ల మీద తిట్లు మొదలయ్యాయి. అంత తియ్యని తిట్లు నేను మళ్ళీ వినలేదు. "నీ బోటు తగలెయ్యా! ఆ బారువ పక్కన దిగి టీ తాగుతన్నావా? ఇక్కడ బాబు కొయ్యనాగ బిగిసిపోనారు!"

జరిగింది ఇది. ఎక్కడో తెగి కొట్టుకువచ్చిన వలలో ఒక తాబేలు చిక్కుకుని కనపడిందట. కుర్రవాడు ఫొటో తీయడం మాని, వల కోసి దాన్ని వదిలేద్దామని పట్టుబట్టాడట. తాబేలు విడిపోయింది, వల వచ్చి ఇంజిను రెక్కకు చుట్టుకుంది. గాలి వాళ్ళను ఉత్తరానికి తోసింది. తెడ్డుతో నెట్టుకుంటూ బారువ దగ్గర ఒడ్డు చేరి, బోటు అక్కడే పెట్టి, ఆటో ఎక్కి వస్తున్నారు.

"బతికే ఉన్నారు బాబూ, ఇంక కూకోండి" అంది ఆవిడ.

కూర్చోవచ్చునా? నాకు తెలియలేదు. ఆచారంలో ఉన్నది, పడవ తిరిగి రావాలి, కంటితో చూడాలి అని. ఫోను సంగతి లేదు. చూస్తాను, అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఇంటికి పోయి పులుసు పెట్టింది. అబద్ధాన్ని నిజం చెయ్యాలి గదా.

కాసేపటికి నా వెనక, సరుగుడు తోటలో, ఆటో చప్పుడు ఆగింది. ఇసుకలో అడుగులు. "అంకుల్!" అన్నాడు కుర్రవాడు. ఆ మాట అంత చల్లగా ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. కాని నేను తిరగలేదు. తిరిగితే సముద్రానికి వీపు చూపినట్టు. సముద్రం మీద వెళ్ళినవాడు వెనకనుంచి ఆటోలో వస్తే ఏం చెయ్యాలో మా వంశంలో ఎవరూ చెప్పి పోలేదు. మెడ బిగుసుకుపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ ఉంటే, ఎదురుగా ఖాళీ నీళ్ళకేసి చూస్తూ నిలుచున్నాను.

"ఏంటి అంకుల్, కోపమా?" అన్నాడు వాడు.

బోటువాడు మాత్రం అడగలేదు. కుర్రవాడి చెయ్యి పట్టుకుని, నన్ను దూరంగా చుట్టి, తడిసిన లుంగీతోనే కెరటాల్లోకి దిగాడు. మోకాలి లోతుకు, నడుం లోతుకు. కుర్రవాడు కెమెరా సంచి నెత్తిన పెట్టుకుని ఏంటిది, ఏంటిది అంటూనే ఉన్నాడు. "మాటాడకు బాబూ, ఇటు తిరుగు" అన్నాడు బోటువాడు. ఇద్దరూ ఒడ్డు వైపు తిరిగారు. ఒక కెరటం వెనకనుంచి తోస్తే తూలి, నిలదొక్కుకుని, నురగలోనుంచి నడుచుకుంటూ నా ఎదటికి వచ్చారు.

"వచ్చీసినాం బాబూ" అన్నాడు బోటువాడు.

నేను చూశాను. చూసి, ఇసుకలో కూర్చున్నాను.

ఆ రాత్రే కుర్రవాడు తల్లికి ఫోను చేసి, పులుసు కారంగా ఉందని చెప్పాడు. ఇప్పుడు ఏ దేశంలో ఏ పక్షిని తీస్తున్నాడో తెలియదు. బోటువాడు కనపడితే ఆ సంగతి నేనూ ఎత్తను, వాడూ ఎత్తడు. కాని నిద్ర పట్టనప్పుడు ఒక్కటి అనుకుంటాను. మా ముత్తాతగారి నాటినుంచీ మేము కాలం సముద్రం మీదనుంచే వస్తుందని అటే చూస్తూ నిలబడ్డాం. అది ఎప్పుడో వెనక దారిన వచ్చి, మమ్మల్ని పిలిచి, మేము తిరగకపోతే కాసేపు ఆగి, తన దారిన పోయింది.