సాల వెనకాల కుప్ప

నా చిన్నప్పుడు, పదేళ్లు నిండీ నిండకుండానే, మా మేకల సాల ఊడ్చే పని నా మెడకు చుట్టుకుంది. వానాకాలంలో మా ఉద్దానంలో ఈగల సంగతి చెప్పనే అక్కర్లేదు. తడిసిన పెంటికలనూ, మేకలు తినగా మిగిలిన ఆకులనూ తట్టకెత్తి, కొబ్బరితోట చివర ఎండ తగిలే చోట పలచగా పరిచి రావాలని మా మామ్మ కట్టుబాటు. అంత దూరం మోయడానికి నాకు ఒళ్లు బద్ధకం. సాల వెనకాలే కుప్ప పోసి, పైన కొబ్బరి మట్టలు కప్పేసేదాన్ని. సాయంత్రం మాత్రం వేపాకు పొగ దట్టంగా వేసి, పెద్ద పనిమంతురాలిలా తిరిగేదాన్ని.

ఆ రోజుల్లోనే మా నల్లమేక ఈనింది. పిల్ల ఎప్పుడూ నా ఒళ్లోనే పడుకునేది. నాలుగో రోజున పాలు తాగడం మానేసింది. మామ్మ తిప్పి చూస్తే, ఇంకా ఆరని బొడ్డు మీద ఈగలు వాలి పురుగులు పట్టేశాయి. వేపనూనె పోసి ఒక్కొక్కటే తీసింది. అయినా మర్నాడు పొద్దెక్కేసరికి అది చచ్చిపోయింది.

ఏడుస్తున్న నన్ను మామ్మ సాల వెనక్కి తీసుకెళ్లి, మట్టలు పక్కకు లాగి కర్రతో కుప్పను కదిపింది. లోపలంతా పురుగులే.

"పొగేత్తే ఈగ ఎగిరిపోద్ది గానీ సచ్చిపోదే గుంటా. అది పుట్టే సోటు మనం ఉంచకూడదు," అంది. కర్ర పక్కన పడేసి, వంగి కుప్పను తట్టకెత్తడం మొదలెట్టింది. తిట్టినా బావుండును.

ఇద్దరం ఆ కుప్పను తోటకి మోస్తుంటే, కాశీబుగ్గ నుంచి వచ్చిన మా నాన్న చూసి, ఇక్కడెవరు పోశారని కేకలేశాడు. నేను మామ్మ వెనక్కి జరిగాను.

"నానే పోసినాన్రా. నడుం నొప్పెట్టి అంత దూరం ఎల్లనేకపోనాను," అంది మామ్మ.

వయసు మళ్లి పనికి రాకుండా పోయావని నాన్న అందరి ముందూ అనేశాడు. ఆ రోజు నుంచి ఆమెను సాలలోకి వెళ్లనివ్వలేదు. అవన్నీ ఆమె చేతుల మీద పెరిగిన మేకలు. పిల్ల కోసం నల్లమేక అరుస్తుంటే, వాకిట్లో కూర్చుని ఊరికే వినేది. రేపు నిజం చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే నేను ఆ వానాకాలం గడిపేశాను. మళ్లీ వానలు పడేసరికి మామ్మ లేదు.

ఇప్పుడు మా సాలలో తడి ఒక్క పూట కూడా నిలవనివ్వను. కానీ మామ్మకు చేతకాకే ఆ పిల్ల చచ్చిపోయిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను వింటూ కూర్చుంటాను.