పీపాలో మిగిలిన గాలి

డెల్మార్ క్రూగర్ చేతులు మాట వినే రకం కాదు. అమెరికాలోని షెబోయ్‌గన్ ఊరి ఫౌండ్రీలో ముప్పై ఏళ్లు ఇనుము పోత పోసిన ఆ చేతులు బయట మూడు ముక్కులు, ఒక దవడ, సొంత బావమరిది పక్కటెముక విరగ్గొట్టాయి. ప్రతిసారీ ఇంటికొచ్చి ఒకటే పాట: ముందు వాడే మొదలెట్టాడు. పోయిన చలికాలం శుక్రవారం చేపల విందులో వరస తప్పి ముందుకొచ్చిన ముసలాయన్ని ఎత్తి బల్ల మీద పడేశాడు. ఆ మర్నాడు భార్య లవాన్ ఒక సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టింది. ఇంకొక్క దెబ్బ ఎవరి మీద పడినా ఆ సంచితో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానంది. తిట్టలేదు, ఏడవలేదు. అందుకే డెల్మార్‌కు భయం పట్టుకుంది.

చేతులకు పని కావాలి కాబట్టి ఇంట్లోనే బీరు కాద్దామనుకున్నాడు. మనిషి ఎంత మొరటో, సామాను ఎంచుకోవడంలో అంత చాదస్తం. కొట్లో అల్యూమినియం గిన్నెల్ని వేలితో కొట్టి చూసి పెదవి విరిచాడు. మూతబడిన బారు నుంచి బీరు నింపే రెండు స్టీలు పీపాలు తెచ్చుకున్నాడు. ఒకదాని నెత్తి కోసి మొలకెత్తించిన బార్లీ మాల్టు నీళ్లు మరిగించే కాగు చేయాలి. రెండోది కడిగి, గ్యారేజీలోని పాత ఫ్రిజ్‌లో పెట్టి, తలుపుకు బెజ్జం వేసి కుళాయి బిగించాలి. కుళాయికి ఆపిల్ కర్ర పిడిని లవానే ఎంచింది. దాన్ని డెల్మార్ రోజుకు నాలుగుసార్లు తుడిచేవాడు.

శనివారం పొద్దున్నే పక్కింటి గోర్డీ సాయానికొచ్చాడు. పీపా మెడలో ఒక రింగు, దాని కింద అడుగు దాకా పొడుగాటి స్టీలు గొట్టం ఉంటాయి. ఖాళీ పీపాలో కూడా గాలి బిగిసి ఉంటుంది. మెడలో గాలిని ఆపి ఉంచే చిన్న బంతిని స్క్రూడ్రైవర్‌తో నొక్కి, బుస్సుమనడం పూర్తిగా ఆగాకే రింగు ఊడదీయాలి. డెల్మార్ మొదటి పీపాకు అలాగే చేసి, కుళాయి బిగించడానికి ఫ్రిజ్ వైపు తిరిగాడు. రెండోదాని గాలీ పోయిందనుకుని గోర్డీ దాని మీదికి వంగి, రింగు కింద స్క్రూడ్రైవర్ దూర్చాడు. నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఏరా డెల్, ఈమధ్య తుమ్మాలన్నా లవాన్‌ని అడుగుతున్నావంటగా? ఆవిడ సంచి సర్దగానే నీ ప్యాంటు తడిసిందని ఊరంతా చెప్పుకుంటున్నారు."

డెల్మార్‌కు ఒళ్లు మండింది. ముందు పిడికిలి వెళ్లింది, వెనక మనిషి వెళ్లాడు. దవడ పుటుక్కుమంది. గోర్డీ రెండడుగులు ఎగిరి రెంచీల మధ్య పడ్డాడు. అదే క్షణంలో సగం ఊడిన రింగు జారిపోయి, లోపలి గాలి తోపుకు గొట్టం తుపాకీ పేలినట్టు పైకి లేచి, కప్పు చెక్కలోకి జానెడు లోతు దిగబడింది. ఒక్క రెప్పపాటు ముందు అక్కడ గోర్డీ మొహం ఉంది.

చప్పుడుకు లవాన్ పరిగెత్తుకొచ్చింది. గోర్డీ రెండు పళ్లు అరచేతిలోకి ఉమ్మి, రక్తం కారుతున్న నోటితోనే కప్పుకేసి చూపిస్తూ, డెల్ కొట్టబట్టే తను బతికానని వచ్చీరాని మాటల్లో చెప్పాడు. ఆమె గొట్టాన్ని చూసింది. మొగుణ్ణి చూసింది.

"రింగు జారడం చూసి కొట్టావా?"

ఔనంటే చాలు. గోర్డీ అప్పటికే తల ఊపుతున్నాడు. డెల్మార్ చూపు ఆపిల్ కర్ర పిడి మీద పడింది.

"లేదు. చూళ్లేదు. వాగాడని కొట్టాను."

ఇరవై ఆరేళ్ల కాపురంలో ముందు వాడే మొదలెట్టాడని అనకపోవడం అదే మొదలు. లవాన్ గోర్డీ దవడకు ఐసు కట్టింది, అంబులెన్సు పిలిచింది, అతణ్ణి ఎక్కించింది. తర్వాత లోపలికెళ్లి సంచి భుజాన వేసుకుని వచ్చింది.

"నిజం చెప్పావు, డెల్. అది మాత్రం గుర్తుంచుకుంటాను."

కారు మలుపు తిరిగేదాకా డెల్మార్ గ్యారేజీ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమెను ఆపడానికి చేతులు లేవలేదు.