వేడి రేడియేటర్ మూత

ఆయన పేరు నాకు తెలియదు. అడిగే సందర్భం ఆయన ఇవ్వలేదు. ఇబ్రహీంపట్నంలో నేనెక్కిన షేర్ జీపుకు ఆయనే డ్రైవరు, ఆయనే ఓనరు. పాత జీపులో పెద్ద డీజిల్ ఇంజను బిగించి, ముందున్న జాలీకి అడ్డంగా లైట్ల వరుస పెట్టించుకున్నాడు. బొంగులూరు దాటగానే బానెట్ కింద నుంచి ఆవిరి చిమ్మింది.

ఆయన దిగి, చేతికి తడిగుడ్డ చుట్టుకొని రేడియేటర్ మూత మీదికి వంగాడు. లోపలి ఆవిరి ఒత్తిడికి మూత కాస్త తిరిగినా మరిగే నీరు ముఖానికి చిమ్ముతుంది. ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"చెయ్యి తియ్! బండి నీదా, నాదా?"

"బండి నీదే బిడ్డా, మొఖం గూడ నీదే. జర ఆగరాదూ," అంది వెనక సీట్లోని అవ్వ. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు ఆయన నా మీదే పళ్లు కొరికాడు.

ఇంజను చల్లారేలోగా లోపం చెప్పాను. లైట్లు రేడియేటర్‌కు తగిలే గాలిని ఆపుతున్నాయి. రేడియేటర్ పై గొట్టం కొత్త ఇంజనుకు వదులు కావడంతో, సందులో చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క జారి, కూలెంట్ కారుతోంది.

"ఎవడడిగిండు నిన్ను?"

అన్నాడు గానీ, ఇంజను చల్లారాక ట్యూబు మళ్లీ చుట్టి, క్లాంపు బిగించి, లైట్లు విప్పి సీటు కింద పడేశాడు. నీళ్లు పోసి, "అందరెక్కుండ్రి," అన్నాడు. నేను కాలు పెట్టబోతే తలుపుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్ గాదు."

జీపు వెళ్లిన దారి వెంట కొంత దూరం నడిచి చూశాను. ఎక్కడా ఒక్క చుక్క పడలేదు.